మాస్టారి గదిలో తెల్లపొడి

కొత్తగా కెమిస్ట్రీ లెక్చరర్లయిన పిల్లలు ఒక్కోసారి మా ఇంటికొస్తుంటారు. కాఫీ తాగుతూ, "ఇన్నేళ్ళు సర్వీసు చేశారు కదా మేడమ్, యాసిడ్లతో, గ్యాసులతో ఎప్పుడైనా భయపడ్డారా?" అని అడుగుతారు. యాసిడ్లకి నేనెప్పుడూ భయపడలేదర్రా. కానీ ఒకసారి, పట్టపగలు, మిట్టమధ్యాహ్నం, ఒక సీసాని చూసి పరిగెత్తాను. చీర కుచ్చిళ్ళు కాలికి అడ్డం పడి గుమ్మం దగ్గర బోర్లా పడ్డాను కూడా. ఇన్నాళ్ళూ ఈ సంగతి సగమే చెప్పి అందర్నీ నవ్వించేదాన్ని. మిగతా సగం నవ్వేది కాదు కాబట్టి మింగేసేదాన్ని.

డెబ్బైల్లో మాట. నాకు ఇరవై నాలుగేళ్ళు, మొదటి ఉద్యోగం, అదీ ప్రొబేషను మీద. బెజవాడలో కాలవ పక్కన ఒక ప్రైవేటు కాలేజీ. వన్ టౌన్ వ్యాపారస్తులు కొంతమంది కమిటీగా ఏర్పడి నడిపేవాళ్ళు. నేను భవానీపురంలో మా పిన్నిగారింట్లో ఉండి రోజూ బస్సులో వచ్చిపోతుండేదాన్ని. నాకా ఉద్యోగం రావడానికి కారణం ఒక చావు. అప్పటిదాకా అక్కడ కెమిస్ట్రీ చెప్పిన పెద్ద మాస్టారు ల్యాబులోనే, కిటికీ పక్కన తన స్టూలు మీద, కూర్చున్నవారు కూర్చున్నట్టే పోయారట. గుండె ఆగిపోయింది. ఆ ఖాళీలో నన్ను వేసుకున్నారు.

పన్నెండింటికి కాలేజీ అంతా భోజనాలకి వెళ్ళిపోయి రెండింటికి మళ్ళీ తెరిచేవాళ్ళు. మాస్టారు మాత్రం ఇంటికి వెళ్ళేవారు కాదు. క్యారియరు తెచ్చుకుని ఆ రెండు గంటలూ ల్యాబులోనే ఉండేవారు. పోయింది కూడా ఆ వేళలోనే. తలుపు తోసి చూసింది ల్యాబు అటెండరు.

ఈ అటెండరుది కంకిపాడు అవతల ఒక పల్లె. క్రైస్తవులు. యాభై దాటిన మనిషి, రోజూ సైకిలు తొక్కుకుంటూ వచ్చేవాడు, జేబులో చిన్న కొత్త నిబంధన పుస్తకం ఉండేది. కాలేజీలో చిన్నా పెద్దా అందరూ "ఒరేయ్" అనేవాళ్ళు. మా నాన్న ఈడు మనిషిని నేనట్లా పిలవలేక మీరు అన్నాను. దానికి స్టాఫ్ రూములో రెండ్రోజులు నవ్వారు. నవ్వితే నవ్వారు, నాకు కోపం ముక్కు మీదే ఉండేది కాబట్టి మూడో రోజు ఎవరూ నవ్వలేదు.

చేరిన వారంలోనే నేను పెత్తనం మొదలుపెట్టాను. పిల్లల ప్రాక్టికల్సుకి కావలసిన ద్రావణాల్ని మాస్టారు ఒక మూల చెక్క అల్మారాలో, నల్లగుడ్డ తెర వెనకాల పెట్టేవారు. తెర తీస్తే గుప్పున ముక్క వాసన. ఈ చీకటి కొట్టేమిటి, చాదస్తం కాకపోతే, అనుకుని సీసాలన్నీ తీయించి దక్షిణపు కిటికీ దగ్గర బల్ల మీద వరసగా పెట్టించాను. కిటికీ బయట కాలవ. వెలుతురు బాగుంటుంది.

అటెండరు సీసాలు మోస్తూనే, "అయ్యగారు వీటిని ఇక్కడ పెట్టనిచ్చేవారు కాదండీ," అన్నాడు.

"మీ అయ్యగారు లేరుగా ఇప్పుడు. నేనున్నాను," అన్నాను.

ఆ మాటకి అతను తలెత్తి చూశాడు. ఆ మాట ఇప్పుడు తలుచుకుంటే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

పాఠం సంగతి రెండు ముక్కల్లో చెప్పి ముందుకు పోతాను, మీకు తెలిసిందే అయినా. రెండు కార్బన్ పరమాణువులు ఎదురెదురుగా సూటిగా కలిస్తే సిగ్మా బంధం. గట్టిది. అదొక్కటే ఉంటే, దాన్ని ఇరుసుగా చేసుకుని రెండూ ఎటు కావాలంటే అటు తిరగొచ్చు. దానికి తోడు 'పై' అనే గ్రీకు అక్షరం పేరున్న బంధం కూడా పడి ద్విబంధం అయిందో, ఇక తిరగడం లేదు. ఎటు మొహం పెట్టినవి అటే బిగుసుకుపోతాయి. అయితే ఈ రెండోది సిగ్మా అంత గట్టిది కాదు, తెగితే ముందు అదే తెగుతుంది. ఇది అర్థం కావడానికి మాస్టారు కొండపల్లి బొమ్మలు చేసే ఆయన చేత పొణికి కర్రతో ఒక బొమ్మ చేయించారు. రెండు బిళ్ళలు, మధ్యలో ఒక కర్ర పుల్ల. అది సిగ్మా. బిళ్ళల్ని కలుపుతూ పైనొకటి, కిందొకటి సైకిలు ట్యూబు ముక్కలు. ఆ రెండూ కలిస్తే ఒక పై బంధం. ట్యూబు ముక్కలు ఉన్నంతసేపూ బిళ్ళలు కదలవు, పీకేస్తే గిరగిరా తిరుగుతాయి. ఒక్కో బిళ్ళ అంచున ఒక ఎర్ర గుండీ. గుండీలు రెండూ ఒకే పక్కకి ఉంటే ఒక పదార్థం, ఎదురుబొదురు పక్కలకి ఉంటే ఇంకో పదార్థం.

ప్రాక్టికల్సులో ఈ ద్విబంధాన్ని కనిపెట్టడానికి బ్రోమిన్ నీళ్ళు వాడతాం. ద్విబంధం ఉన్నదాంట్లో నాలుగు చుక్కలు వేస్తే ఆ గోధుమరంగు కాస్తా మాయమవుతుంది. అందుకోసం నేను మాలియిక్ యాసిడ్ ద్రావణం చేసి పెట్టేదాన్ని. మాటిమాటికీ చేసుకోవడానికి బద్ధకించి బాగా చిక్కగా, పెద్ద సీసా నిండా చేశాను. నీళ్ళలా తేటగా ఉండేది.

జనవరిలో ఒకరోజు పొద్దున బ్యాచీ అయిపోయాక అటెండరు తాళం వేశాడు, అందరం భోజనాలకి వెళ్ళాం. రెండింటికి వచ్చి చూద్దును గదా, ఆ సీసా అడుగున నాలుగు వేళ్ళ మందాన తెల్లటి పొడి పేరుకుని ఉంది. ముగ్గుపిండి పోసినట్టు.

"ఎవర్ని రానిచ్చారు లోపలికి?" అన్నాను.

"తాళంచెవి నా మొలతాడుకే ఉందండి. నేను ఈ బెంచీ మీంచి కదల్లేదు," అన్నాడు.

ఎవడో తుంటరి వెధవ పని అనుకుని పారబోయించి, సీసా కడిగించి, కొత్తది చేశాను. రెండ్రోజుల తరవాత మళ్ళీ అంతే. అటుపైన ఒకరోజు ఉంటుంది, ఒకరోజు ఉండదు. పొద్దున తేటగా ఉన్న సీసా, మధ్యాహ్నం గది మూసి ఉన్నప్పుడు, ఎవరూ ముట్టుకోకుండా, తెల్లబడిపోతోంది. పక్కనున్న సీసాలు ఏవీ మారవు. అదొక్కటే.

వెనక బెంచీలో కూర్చునే ఒక అమ్మాయి మెల్లిగా అంది: "పన్నెండు నుంచి రెండు మాస్టారి టైము కదండీ."

క్లాసులో ఒక్కళ్ళూ నవ్వలేదు. ఆ రోజు నుంచి ఆ కిటికీ దగ్గరికి వెళ్ళమంటే ఆడపిల్లలు ఒకరి వెనక ఒకరు దాక్కునేవాళ్ళు. మగపిల్లలు పైకి బింకంగా ఉండేవాళ్ళు గానీ మాస్టారి స్టూలుని తగలకుండా చుట్టూ తిరిగి వెళ్ళేవాళ్ళు. తన సీసాలు కదిలించారని మాస్టారికి కోపం వచ్చిందని కాలేజీ అంతా చెప్పుకున్నారు. కదిలించింది ఎవరో కూడా చెప్పుకున్నారు. నేను వరండాలో నడుస్తుంటే మాటలు ఆగిపోయేవి.

అటెండరు మాత్రం ఏ గొడవా లేనట్టు తన పని తను చేసుకుపోయేవాడు. పైగా కాస్త హుషారుగా కూడా కనిపించేవాడు. నాకు అదో అనుమానం.

ఇక ఉండబట్టలేక ఒకరోజు అతన్ని పిలిచి, "నన్ను లోపల పెట్టి బయట తాళం వేయండి. రెండింటికి తీయండి," అన్నాను.

"వద్దండీ మేడమ్ గారూ."

"ఏం, ఎందుకొద్దు?"

"ఆయన ఒంటరిగా ఉండే వేళండీ అది," అన్నాడు, స్టాఫ్ రూములో ఒక పెద్దమనిషి నిద్రపోతున్నారు, లేపకండి అన్నంత మామూలుగా. నేను కసిరాను. తాళం వేశాడు.

పన్నెండున్నర దాకా ఏమీ లేదు. సీసా ఎదురుగా కుర్చీ వేసుకుని జవాబు కాగితాలు దిద్దుకుంటున్నాను. కరెంటు పోయింది. ఫ్యాను ఆగిపోయేసరికి అప్పటిదాకా వినపడని చప్పుళ్ళన్నీ వినపడ్డాయి. కాలవ నీళ్ళు గట్టుకి తగులుతున్నాయి. కొళాయిలోంచి చుక్క పడుతోంది. ఎండ బల్ల మీదకి వచ్చి సీసాల నీడలు గచ్చు మీద వరసగా పడ్డాయి. ముక్కుకి బ్రోమిన్ వాసన, దాని వెనకాల ఇంకేదో, పాత నస్యం వాసన లాంటిది. మాస్టారు నస్యం పీల్చేవారని నాకెవరూ చెప్పలేదు. తరవాత అడిగి తెలుసుకున్నాను, పీల్చేవారట. ఆ చెక్క బల్లలకి పట్టి ఉంటుందని సర్దిచెప్పుకున్నాను గానీ, ఆ క్షణాన ఆ సర్దుబాట్లేవీ గుర్తుకు రావు.

తలెత్తి సీసా వంక చూశాను. అద్దంలాంటి నీళ్ళలో, మధ్యలో ఎక్కడో, ఊపిరి తగిలినట్టు చిన్న మసక. కళ్ళు నులుముకున్నాను. మసక పెరిగింది. దాంట్లోంచి సన్నటి తెల్ల రేణువులు ఒక్కొక్కటే పుట్టి, తిరుగుతూ, ఎండలో మెరుస్తూ కిందికి దిగుతున్నాయి. ఎవరో ఆ గాజు లోపల కూర్చుని చిటికెడు చిటికెడు చొప్పున వదులుతున్నట్టు. పైనుంచి ఏమీ పడటం లేదు. మూత బిగించే ఉంది. సీసా మీద లేబులు మాస్టారి చేతిరాత, అక్షరాలన్నీ కుడిపక్కకి ఒరిగి ఉంటాయి. ఆ అక్షరాల వెనకాల నుంచి ఆ తెలుపు దిగుతూనే ఉంది.

నాకు భయం వేసింది. నా కుడిపక్కన, స్టూలు ఉన్న వైపు, ఎవరో నాతోపాటే ఆ సీసాని చూస్తున్నారని గట్టిగా అనిపించింది. అటు తల తిప్పలేదు. తిప్పగలిగితే నేను ఈ కథ ఇంకోలా చెప్పేదాన్నేమో. లేచి తలుపు దబదబా బాదాను. తాళం తీయగానే పరిగెత్తి, ఇందాక చెప్పినట్టు, బోర్లా పడ్డాను.

అటెండరు నన్ను లేపుతూ, నా దెబ్బ సంగతి అడగలేదు. ఆత్రంగా, గొంతు తగ్గించి, "కనిపించారాండీ?" అన్నాడు.

నేను చేసిన పెద్ద తప్పు దాని తరవాతది. స్టాఫ్ రూములోకి వెళ్ళి, మంచినీళ్ళు తాగి, అందరి ముందూ "నేను కళ్ళారా చూశాను" అని చెప్పాను. ఏం చూశానో చెప్పడానికి నాకు బుర్ర పనిచేయలేదు. ఎమ్మెస్సీ చదివిన లెక్చరరు చూసిందంటే ఇంకేం కావాలి. సాయంత్రానికల్లా అది వన్ టౌన్ దాకా వెళ్ళింది. మర్నాడు కమిటీ పెద్ద ఒకాయన వచ్చి, పరీక్షలు దగ్గర పడుతున్నాయి, పిల్లలు జడుసుకుంటున్నారు, తనకి తెలిసిన మంత్రగాడు ఒకడున్నాడు, శుక్రవారం నాడు తీసుకొచ్చి గదికి కట్టు కట్టించేద్దాం అన్నాడు. ఆ మంత్రగాడు ఎంత మొండి దయ్యాన్నయినా సీసాలో దింపి బిరడా బిగించి కృష్ణలో వదిలేస్తాడట. ప్రిన్సిపాల్ గారు చరిత్ర చెప్పే మనిషి, మర్యాదస్తుడు, కమిటీ మాట కాదనలేకపోయారు.

ఇది విన్న దగ్గర్నుంచి అటెండరు మొహంలో నెత్తురు చుక్క లేదు. బుధవారం నా దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"కట్టు కడితే ఆయన ఎక్కడికి పోతారండీ?"

"నాకేం తెలుసు? మీ పాస్టరు గారిని అడగండి."

"ఆయన దయ్యాలే లేవంటారండీ," అని వెళ్ళిపోయాడు.

గురువారం పొద్దున ప్రిన్సిపాల్ గారి గదిలోకి వెళ్ళి చేతులు కట్టుకుని, ఆ పని చేసింది నేనేనండీ అని ఒప్పుకున్నాడు. కొత్త మేడమ్ గారు పని ఎక్కువ చెబుతున్నారని కోపంతో రోజూ ఆ సీసాలో ఉప్పు పోస్తున్నానని చెప్పాడు. అయ్యగారి పేరు అనవసరంగా పాడవుతోంది, దయచేసి మంత్రగాణ్ణి పిలవొద్దు అన్నాడు. ప్రిన్సిపాల్ గారు నిర్ఘాంతపోయారు. మంత్రగాడి రాక ఆగిపోయింది. అటెండర్ని సస్పెండ్ చేసి, సోమవారం కమిటీ కూర్చుని ఉద్యోగంలోంచి తీసేస్తుందని చెప్పి పంపేశారు. ఇరవై ఏళ్ళ పైన సర్వీసు. ఇంట్లో అరడజను మంది.

నాకు వెంటనే అర్థమయింది అది పచ్చి అబద్ధమని. నేను లోపల కూర్చుని చూస్తుండగా తెల్లబడింది, అతను బయట తాళంచెవి పట్టుకుని ఉన్నాడు. అదీగాక ఉప్పు నీళ్ళలో కరిగిపోదూ? అడుగున ముగ్గుపిండిలా ఎట్లా కూర్చుంటుంది? చరిత్ర చెప్పే ఆయనకి తట్టకపోవచ్చు, నా బుర్రేమయింది?

సైకిలు స్టాండు దగ్గర అతన్ని పట్టుకున్నాను. "ఎందుకు అబద్ధం ఆడారు?" అని నిలదీశాను.

సైకిలు హ్యాండిలు మొత్తం తుడిచాడు. తరవాత చెప్పాడు. ఆ రెండు గంటలూ మాస్టారు ఒక్కరే ఉండేవారని మేమంతా అనుకునేవాళ్ళం గదా. కాదట. లోపల గడియ పెట్టుకుని, మాస్టారి క్యారియరూ, ఇతని అన్నం మూటా ఒకే బల్ల మీద విప్పుకుని, ఇద్దరూ తినేవాళ్ళట. ఇరవై ఏళ్ళు. కమిటీ వాళ్ళకి తెలిస్తే బాగుండదని తలుపు మూసేవారట. సీసాల మీద పేర్లు చదవడం మాస్టారే నేర్పారు. పేరు పెట్టి పిలిచింది ఆయనొక్కరే. పోయిన రోజున టపా ఇచ్చి రమ్మని పంపితే పోస్టాఫీసుకి వెళ్ళాడు, తిరిగొచ్చేసరికి అయిపోయింది. ఆ రోజు అన్నం మూట విప్పనేలేదు.

"నేను లేనప్పుడు పోయారండీ. అందుకే ఆ వేళకి వస్తున్నారేమో అనుకున్నాను. ఆయన గది అది. అక్కడ్నుంచి ఎక్కడికి తరుముతారండీ?"

"మరి మీ ఉద్యోగం?"

"ఏదో కూలీనాలీ చేసుకుంటానండీ," అన్నాడు.

నాకు ఏడుపొచ్చింది, దాంతోపాటు నా మీద నాకు మండిపోయింది. ఈ మనిషి ఉద్యోగం పోకుండా ఉండాలంటే ఆ తెల్లపొడి ఏమిటో సోమవారంలోగా నేను తేల్చాలి. ఇంకెవరూ తేల్చరు.

శుక్రవారమంతా ల్యాబులో కూర్చున్నాను. పొడిని వడకట్టి ఆరబెట్టాను. యాసిడే. బ్రోమిన్ నీళ్ళ రంగుని నిదానంగానైనా పోగొడుతోంది కాబట్టి ద్విబంధం ఉంది. మరి మాలియిక్ యాసిడే కదా అని సన్నగొట్టంలో పెట్టి వేడిచేశాను. నూటముప్పై డిగ్రీలు దాటిన కాసేపటికి కరిగిపోవాలి. కరగలేదు. నూటయాభై, నూటడెబ్బై, రెండొందలు. బిగుసుకుని అట్లాగే ఉంది. నేను పెట్టింది ఒకటి, సీసాలో ఉన్నది ఇంకోటి. ఎవరో మార్చారు మరి.

పుస్తకాలు ముందేసుకుని కూర్చుంటే కన్ను మాస్టారి కొండపల్లి బొమ్మ మీద పడింది. ట్యూబు ముక్కల్లో రబ్బరు చచ్చి, ఒకటి తెగి వేలాడుతోంది. ఊరికే చేత్తో తీసుకున్నాను. రెండోది కూడా పట్టు వదిలి, బిళ్ళ నా చేతిలో తిరిగింది. ఒకే పక్కనున్న రెండు గుండీలు ఎదురుబొదురయ్యాయి. మధ్య పుల్ల ఊడలేదు.

ఒళ్ళు ఝల్లుమంది. ఎవరూ ఏమీ కలపలేదు, ఏమీ తీయలేదు. అవే పరమాణువులు, ఒక పక్క తిరిగాయి, అంతే. గుండీలు ఒక పక్కనుంటే మాలియిక్, నీళ్ళలో ఇట్టే కరుగుతుంది. ఎదురుబొదురుగా ఉంటే ఫ్యుమారిక్, కరగనంటుంది, అడుక్కి దిగిపోతుంది. కానీ తిరగాలంటే పై బంధం ఒక్క క్షణం విడిపోవాలి, తిరిగాక మళ్ళీ కట్టుకోవాలి. విడదీసింది ఎవరు?

అప్పుడు గుర్తొచ్చింది. డ్రాపర్లు విరిగిపోయి, మద్రాసు నుంచి కొత్తవి రాక, బ్రోమిన్ నీళ్ళకీ ఈ ద్రావణానికీ ఒకే డ్రాపరు వాడుకోమని పిల్లలకి చెప్పింది నేనే. "కడుక్కుని వాడండర్రా" అన్నాను. ఎవడు కడుగుతాడు? బ్యాచీ అంతా చుక్కా చుక్కా బ్రోమిన్‌ని ఆ సీసాలోకి మోశారు. దాని మీద మిట్టమధ్యాహ్నపు ఎండ. ఎండ తగిలిన బ్రోమిన్ వచ్చి పట్టుకుంటే పై బంధం విడుతుంది, సిగ్మా చుట్టూ అణువు తిరుగుతుంది, బ్రోమిన్ వదిలేసి పోగానే మళ్ళీ బిగుసుకుంటుంది. పొద్దున బ్యాచీ లేని రోజున తెల్లబడలేదు. మబ్బు పట్టిన రోజున తెల్లబడలేదు. మేమెవరం ఆ రోజుల్ని లెక్కలోకి తీసుకోలేదు. నల్లతెర వెనకాల పెట్టిన మాస్టారికి ఇదంతా తెలుసు. నేనొక్క మాట అడిగి ఉంటే అటెండరైనా చెప్పేవాడు, ఎండ తగలకూడదని.

సోమవారం పన్నెండింటికి కమిటీ వాళ్ళు ప్రిన్సిపాల్ గారి వరండాలో కూర్చున్నారు. అటెండరు మెట్ల కింద, చెప్పులు విప్పి, నిలబడి ఉన్నాడు. నేను రెండు టెస్ట్ ట్యూబులు పట్టుకెళ్ళాను. రెంటిలోనూ అదే ద్రావణం, అవే నాలుగు చుక్కల బ్రోమిన్ నీళ్ళు. ఒకదానికి కార్బన్ పేపరు చుట్టాను. రెంటినీ గట్టు మీద ఎండలో పెట్టి, "దయచేసి ఎవరూ ముట్టుకోకండి," అన్నాను.

వాళ్ళు విసుగ్గా చూశారు. ఎండ చాలకపోతే? చుక్కలు తక్కువయితే? నిమిషాలు గడుస్తున్నాయి, ఏమీ లేదు. కమిటీ పెద్ద గడియారం చూసుకున్నాడు. అప్పుడు మసక వచ్చింది. అందరి కళ్ళ ముందూ, ఎవరూ లేని చోట, ఎవరూ తాకని గాజులో, తెల్ల రేణువులు పుట్టి దిగడం మొదలుపెట్టాయి. కుర్చీలు వెనక్కి జరిగిన చప్పుడు వినపడింది. కారణం తెలిసిన నాకే మళ్ళీ వెన్నులో చలి పుట్టింది, మీరు నమ్మినా నమ్మకపోయినా. కార్బన్ పేపరు విప్పి రెండోది చూపించాను. తేటగా ఉంది.

బొమ్మ పెట్టుకుని వివరించాను. తప్పు నాదేనని, డ్రాపరు సంగతీ, సీసాలు మార్పించిన సంగతీ చెప్పాను. నా ప్రొబేషను సంగతి అప్పుడు నిజంగా గుర్తు రాలేదు, తరవాత గుర్తొచ్చి రాత్రి నిద్ర పట్టలేదు. నాకు ఒక మెమో ఇచ్చారు. అటెండరు సస్పెన్షను రద్దు చేశారు. చేయని తప్పు ఒప్పుకున్నందుకు ప్రిన్సిపాల్ గారు అతన్ని నాలుగు చీవాట్లు పెట్టి, చివర్న భుజం తట్టారు.

నేను గెలిచాను. గాల్లో నడుస్తూ ల్యాబుకి వచ్చాను. అతను నా వెనకాలే వచ్చి, ఆ బొమ్మని అడిగి తీసుకుని, బిళ్ళ ఒకసారి తిప్పి చూసి, బల్ల మీద పెట్టాడు.

"అయితే ఇదంతా ఎండేనాండీ?"

"ఎండ, బ్రోమినూ."

"ఆయన కాదన్నమాట."

"కాదు," అన్నాను. నవ్వుతూ అన్నాను, అదే నేను క్షమించుకోలేనిది. "ఎవరూ రాలేదు. ఎవరూ లేరు ఇక్కడ. ఇక నిశ్చింతగా ఉండండి."

తల ఊపాడు. వారం తిరక్కుండా ఒక తెల్లకాగితం పట్టుకొచ్చాడు. బోటనీ వాళ్ళ తోటలో మొక్కలకి నీళ్ళు పోసే పనికి మార్చమని ప్రిన్సిపాల్ గారికి అర్జీ రాసిపెట్టమన్నాడు. సీసాల పేర్లయితే చదువుతాడు గానీ ఇంగ్లీషు రాయడం రాదు. నేను నొచ్చుకున్నాను. నా మీద కోపమా అన్నాను. కాదండీ అన్నాడు. పని ఎక్కువయిందా అన్నాను. లేదండీ అన్నాడు.

"మరి కారణం ఏదో ఒకటి రాయాలి కదా. ఏమని రాయను?"

కిటికీ వైపు చూశాడు. స్టూలు మీద దుమ్ము పట్టి ఉంది.

"ఆ గదిలో ఎవరూ లేరండీ," అన్నాడు. "అదే రాయండి."